కొత్తపేట స్థలం: ఆసుపత్రి రావాలి, రైతు బాకీ తీరాలి

ఊళ్ళో ఒక పెద్ద జాగా ఖాళీ అయిందంటే పదిమంది కన్ను దాని మీద పడటం సహజం. ఆ పదిమందినీ కాదని, ఆ జాగాలో సినిమా హాళ్ళూ దుకాణాల సముదాయాలూ రాకుండా, వెయ్యి పడకల ప్రభుత్వ ఆసుపత్రి తలపెట్టారంటే ఎవరైనా సంతోషించవలసిందే. హైదరాబాద్ తూర్పు శివారున, కొత్తపేటలోని గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ స్థలం విషయంలో జరిగింది ఇదే. ఆసుపత్రి వద్దనే వాడు ఈ చుట్టుపక్కల ఒక్కడూ ఉండడు.

అయితే మంచి పనికి కూడా ఒక వరుస ఉంటుంది. ఎవరైనా ముందు కొత్త ఇల్లు కట్టుకుని, పాలు పొంగించుకుని, సామాను చేర్చుకున్నాక పాత ఇల్లు విప్పుకుంటారు. ఇక్కడ పాత ఇల్లు ముందు విప్పారు. సామాను తీసుకుపోయి అద్దె ఇంట్లో పెట్టారు. కొత్త ఇల్లు అప్పటికింకా కాగితం మీదనే ఉంది. వరుస ఇలా తారుమారు కావడం వల్ల కలిగిన నష్టమంతా ఎవరి నెత్తిన పడింది? మామిడి తోట మీద ఏడాదికి ఒక్క పంట కోసం ఎదురుచూసే రైతు నెత్తిన, రోజు కూలి మీద బతికే హమాలీ నెత్తిన పడింది. ఆసుపత్రి కట్టడంతో ఈ బాకీ రద్దు కాదు. ఆ సంగతి గుర్తు చేయడానికే ఈ నాలుగు మాటలు.

మొజంజాహీ నుంచి శివారుకు

నగరంలో పండ్ల వ్యాపారానికి ఒకప్పటి చిరునామా మొజంజాహీ మార్కెట్. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో, ఆయన రెండవ కుమారుడి పేరిట 1935లో కట్టిన రాతి కట్టడం అది. గడియారపు గోపురంతో, వరుస దుకాణాలతో అది ఎంత ముచ్చటగా ఉన్నా, లారీలను దృష్టిలో పెట్టుకుని కట్టినది మాత్రం కాదు. నగరం పెరిగింది, సరుకు పెరిగింది, జాంబాగ్ వీధులు లారీలతో కిక్కిరిసిపోయాయి. టోకు వ్యాపారాన్ని ఊరి బయటికి పంపక తప్పలేదు.

అలా 1986లో కొత్తపేటలో సుమారు 22 ఎకరాల స్థలంలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వెలిసింది. అప్పటికి రంగారెడ్డి జిల్లా ఏర్పడి ఎనిమిదేళ్ళే అయింది. దిల్‌సుఖ్‌నగర్ దాటితే నగరం పలచబడే రోజులవి. ఆనాటి 9వ నంబరు జాతీయ రహదారి, అంటే నేటి 65వ నంబరు రహదారి, మార్కెట్ పక్కనే పోతుంది. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల సరుకు నగరం నడుమకు రాకుండా ఇక్కడే దిగేది. ఆ లెక్కన స్థలం ఎంపిక తెలివైనదే. శివారులో మార్కెట్ పెట్టడంలో ఉన్న ఉద్దేశం కూడా అదే.

ఈ మార్కెట్ ఎవరో ఒక పెద్ద వ్యాపారి సొంత ఆస్తి కాదు. 1966 నాటి వ్యవసాయ మార్కెట్ల చట్టం కింద మార్కెట్ కమిటీ నడిపినది. లైసెన్సు లేనివాడు కొనకూడదు, తూకం సరిగా ఉండాలి, అమ్మకం పదిమంది ఎదుట పాట పాడి జరగాలి అన్నది ఆ చట్టం ఉద్దేశం. ఊరికి వచ్చే దళారి చెప్పిన ధరకే తల వంచే దుస్థితి రైతుకు తప్పాలనే ఇటువంటి యార్డులు పెట్టారు. రైతు తెచ్చిన సరుకు మీద వసూలైన ఫీజుతోనే అవి నడిచాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి, మళ్ళీ అవసరం పడుతుంది.

రాత్రి లారీ, తెల్లవారి పాట

పండ్ల మార్కెట్ రాత్రిపూట మేలుకుని ఉండే ఊరు. అర్ధరాత్రి దాటాక లారీలు, డీసీఎంలు వరస కడతాయి. హమాలీలు సరుకు దింపి కుప్పలు పోస్తారు. పెద్ద కాయ, మధ్య కాయ, చిన్న కాయ వేరు చేస్తారు. తెల్లవారగానే పాట మొదలవుతుంది. పాట ముగిశాక అడ్తీదారు రైతు చేతిలో తక్‌పట్టీ పెడతాడు. అందులో కమీషన్, హమాలీ, లారీ కిరాయి పోగా మిగిలినది రైతుది. ఆ కాగితం చూసుకుని సంబరపడిన రైతులూ ఉన్నారు, అక్కడే కూలబడిన రైతులూ ఉన్నారు.

వేసవి వచ్చిందంటే మామిడిదే రాజ్యం. కొల్లాపూర్, ఖమ్మం, జగిత్యాల ప్రాంతాల తోటల నుంచి కాయ ఇక్కడికి చేరింది. నగరంలో బేనిషాన్ అని ముద్దుగా పిలిచే బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిందని గర్వపడ్డాం. ఆ కాయ నగరవాసి ఇంటికి చేరిన దారి మాత్రం చాలాకాలం కొత్తపేట మీదుగానే సాగింది. మామిడి అయిపోతే నల్లగొండ బత్తాయి, చలికాలంలో నాగపూర్ నారింజ, కాశ్మీరు, హిమాచల్ ఆపిల్ వచ్చేవి. నగరంలో తోపుడు బండి మీద పండ్లు అమ్ముకునే వాడు తెల్లవారుజామున ఇక్కడికే వచ్చి ఆటోలో సరుకు వేసుకుపోయాడు. పండ్ల రసం దుకాణం వాడికీ, పెళ్ళి వంటల మేస్త్రీకీ ఇదే దిక్కు.

మార్కెట్‌లో లోపాలు లేవని ఎవరూ అనరు. కాయను కార్బైడ్ పెట్టి మాగబెట్టడం చట్టప్రకారం నిషేధమైనా ఆ దురాచారం ఏళ్ళ తరబడి సాగింది. 2015లో హైకోర్టు ఈ విషయాన్ని తనంత తానే చేపట్టి అధికారులను నిలదీసిన తర్వాతనే కదలిక వచ్చింది. పచ్చి కాయను మాగబెట్టడానికి మితంగా ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చునని ఆహార భద్రతా సంస్థ 2016లో స్పష్టం చేసింది. అందుకు ప్రత్యేకమైన గదులు కావాలి. వరిగడ్డిలో వేసి ఓపిగ్గా మాగబెట్టే రోజులు పోయాయి గనుక ఆ గదులు లేని పండ్ల మార్కెట్ ఇక మార్కెట్ అనిపించుకోదు. కమీషన్ విషయంలో, తరుగు విషయంలో రైతుల ఫిర్యాదులూ కొత్తవి కావు. ఇన్ని లోపాలున్నా, పదిమంది కొనుగోలుదారులు ఒకచోట చేరి పోటీ పడే స్థలం రైతుకు అదొక్కటే.

ఊరు వచ్చి మార్కెట్‌ను చుట్టుముట్టింది

శివారు ఎల్లకాలం శివారుగా ఉండదు. మార్కెట్ వచ్చిన కొన్నేళ్ళకే చుట్టూ కాలనీలు లేచాయి. గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ పురపాలక సంఘాలు 2007లో మహానగరపాలక సంస్థలో కలిసిపోయాయి. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ వరకు మెట్రో రైలు వచ్చింది. మార్కెట్ ఎదుటి రోడ్డు మీద స్తంభాలు, పైన రైలు, కింద బస్సులు, వాటి మధ్యన మామిడి లారీలు. సీజను వచ్చిందంటే విజయవాడ రహదారి మీద ట్రాఫిక్ స్తంభించిపోవడం ఏటా చూసిందే. కుళ్ళిన పండ్ల వాసన, ఈగలు, మురుగు కాలనీవాసుల ఓర్పుకు పరీక్ష పెట్టాయి.

కాబట్టి మార్కెట్ తరలిపోవాలనడంలో తప్పు లేదు. 1935లో కట్టినది యాభై ఏళ్ళకు ఇరుకైతే, 1986లో పెట్టినది ముప్పయ్యయిదేళ్ళకే ఇరుకైంది. నగరం నడక వేగం పెరిగింది. కొత్త మార్కెట్ కోసం అబ్దుల్లాపూర్‌మెట్ మండలం కోహెడలో, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గరలో 178 ఎకరాలు కేటాయించారు. కొత్తపేటతో పోలిస్తే ఎనిమిది రెట్లు. శీతల గిడ్డంగులు, మాగబెట్టే గదులు, రైతులకు విశ్రాంతి గదులు, లారీలు నిలిపే చోటు అన్నీ అక్కడ అమరుతాయని చెప్పారు. ఇంతవరకు అంతా సవ్యంగానే ఉంది. తర్వాతి కథే మింగుడుపడదు.

గాలివాన చెప్పిన పాఠం

2020 వేసవిలో కరోనా లాక్‌డౌన్ వచ్చి పడింది. కొత్తపేట ఇరుకులో జనం గుమిగూడితే ప్రమాదమని, మామిడి వ్యాపారాన్ని తాత్కాలికంగా కోహెడకు మార్చారు. మైదానంలో హడావుడిగా రేకుల షెడ్లు వేశారు. మే నెల మొదట్లో వీచిన ఒక్క గాలివానకు ఆ షెడ్లు కూలిపోయాయి. రైతులు, హమాలీలు, వ్యాపారులు గాయపడి ఆసుపత్రుల పాలయ్యారు. కాయ నేలపాలైంది. వ్యాపారం మళ్ళీ కొత్తపేటకే తిరిగి వచ్చింది.

మే నెలలో ఈదురుగాలులు వీస్తాయని తెలుసుకోవడానికి వాతావరణ శాఖను అడగనక్కరలేదు. మామిడి తోట ఉన్న ఏ రైతును అడిగినా చెబుతాడు, ఆ గాలికే కదా అతని కాయ సగం రాలిపోయేది! మార్కెట్ అంటే నాలుగు రేకులు, పది గుంజలు కాదనీ, పునాదులు లేని చోటికి మనుషులను పంపకూడదనీ ఆ రోజు తేలిపోయింది. అంత దెబ్బ తిన్న తర్వాత కోహెడలో ముందు పక్కా నిర్మాణాలు పూర్తి చేసి, ఆ తర్వాతనే కొత్తపేట జోలికి పోవలసింది. జరిగింది వేరు.

తాళం, కోర్టు, కూల్చివేత

2021 సెప్టెంబరు చివరలో గడ్డిఅన్నారం మార్కెట్‌కు తాళం పడింది. ఆ స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కడతామన్నారు. కోహెడ సిద్ధంగా లేదు గనుక విజయవాడ రహదారి మీదనే, ఔటర్ రింగు రోడ్డు దాటాక వచ్చే బాటసింగారంలోని లాజిస్టిక్స్ పార్కుకు వెళ్ళమన్నారు. అది లారీల సరుకు దాచే గోదాముల కోసం కట్టినది. పండ్ల వ్యాపారానికి అందులో కేటాయించినది సుమారు 11 ఎకరాలు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి లెక్క చూడాలి. 22 ఎకరాలు ఇరుకైపోయాయి గనుక మార్కెట్‌ను తరలిస్తున్నామన్నారు. తరలించినది 11 ఎకరాలకు! ఈ గణితం ఏ బడిలో చెబుతారో గాని, మామిడి సీజనులో ఆ యార్డు సగానికి సగం అక్కరకు రాదని ఎవరైనా ఊహించగలరు.

వ్యాపారులు హైకోర్టు తలుపు తట్టారు. తగిన సదుపాయాలు లేకుండా పొమ్మంటే ఎక్కడికి పోతామని వారి మొర. సామాను తీసుకుపోయేందుకు నెల రోజులు మార్కెట్ తెరవాలని 2022 ఫిబ్రవరిలో న్యాయస్థానం ఆదేశించింది. మార్చిలో యంత్రాలు వచ్చి షెడ్లు కూల్చడం మొదలుపెట్టగానే వివాదం మళ్ళీ కోర్టుకెక్కింది, కూల్చివేత ఆపమని కోర్టు చెప్పవలసి వచ్చింది. చివరకు 2022 ఏప్రిల్ 26న ఆనాటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు అల్వాల్, ఎర్రగడ్డలతో పాటు ఇక్కడ కూడా ఆసుపత్రికి శంకుస్థాపన చేశారు.

ప్రభుత్వం, వ్యాపారులు కోర్టులో తలపడినప్పుడు పత్రికల్లో వారిద్దరి వాదనలూ వచ్చాయి. మూడోవాడైన రైతు వాదన ఎక్కడా పెద్దగా వినిపించలేదు. అడ్తీదారుకు వకీలు ఉన్నాడు, సర్కారుకు వకీలు ఉన్నాడు. లారీ ఎక్కించిన కాయ మూడు రోజులైతే మెత్తబడుతుందని బెంగపడే ఆసామికి వాయిదాలు తిరిగే తీరిక ఎక్కడిది? హమాలీ సంగతి చెప్పనే అక్కరలేదు. కొత్తపేట చుట్టుపక్కల బస్తీల్లో గది అద్దెకు తీసుకుని, అర్ధరాత్రి లేచి నడిచి పనికి వెళ్ళిన మనిషిని ఔటర్ రింగు రోడ్డు అవతలికి రమ్మన్నారు. ఆ వేళకు బస్సు ఉందా అని అడిగిన వాడు లేడు.

తాత్కాలికం అన్న ఆ మకాం 2022, 2023, 2024, 2025 మామిడి సీజన్లను వరసగా నాలుగింటిని చూసింది. మన దేశంలో తాత్కాలికం అన్న మాటకున్న ఆయుర్దాయం శాశ్వతం అన్న మాటకు లేదు కాబోలు!

ఆసుపత్రి అవసరాన్ని కాదనగలమా?

ఇంత చెప్పినంత మాత్రాన ఆసుపత్రిని తప్పుపడుతున్నామని ఎవరూ అపార్థం చేసుకోరాదు. నగరం తూర్పు వైపున పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి లేని లోటు చిన్నది కాదు. సూర్యాపేట నుంచో, నల్లగొండ నుంచో ప్రాణం మీదికి వచ్చిన రోగిని తెచ్చే అంబులెన్సు ఎల్.బి.నగర్ దాటి, ట్రాఫిక్‌ను ఈదుకుంటూ ఉస్మానియాకో, గాంధీకో, నిమ్స్‌కో చేరాలి. 1920ల నాటి ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో వాననీరు చేరి, రోగులను అక్కడి నుంచి తరలించవలసి వచ్చిన సంగతి మరచిపోలేము. ఆ ఏడాది కరోనా కాలంలో పడక కోసం జనం పడిన పాట్లు పగవాడికి కూడా వద్దు.

కొత్తపేట ఆసుపత్రికి 21 ఎకరాల పైచిలుకు స్థలం, 900 కోట్ల రూపాయలు, వెయ్యి పడకలు అన్నది 2022 నాటి మంజూరు లెక్క. మూడు ఆసుపత్రులకూ కలిపి 2,679 కోట్లు. ప్రభుత్వం చేతిలోని భూమి ప్రైవేటు పాలు కాకుండా ప్రజల ఆరోగ్యానికి వినియోగపడటం ముదావహం. ఇలాంటి మార్పు నగరానికి కొత్త కూడా కాదు. ముషీరాబాద్‌లో జైలు ఉన్న చోటికి 2003లో గాంధీ ఆసుపత్రి తరలివచ్చింది. జైలు గోడల జాగాలో వైద్యం దొరికినప్పుడు, పండ్ల యార్డు జాగాలో దొరకడం ఇంకా సహజం.

కాని ఒక్క విషయం అధికారులు ఆలోచించాలి. ట్రాఫిక్ బాధ పడలేక మార్కెట్‌ను పంపించామన్నారు. వెయ్యి పడకల ఆసుపత్రికి రోజూ వచ్చే రోగులు, వారి వెంట వచ్చే బంధువులు, అంబులెన్సులు, ఆటోలు ఏ రోడ్డు మీద వస్తాయి? అదే రోడ్డు మీద! మామిడి లారీలు మూడు నెలల ముచ్చట. రోగుల రాక ఏడాది పొడుగునా ఉంటుంది. రోడ్డు వెడల్పు, లోపలికి వెళ్ళే దారి, బయటికి వచ్చే దారి, మెట్రో స్టేషను నుంచి నేరుగా నడిచే మార్గం భవనంతో పాటే తయారు కాకపోతే, ఒక రద్దీ పోయి మరొక రద్దీ వచ్చినట్లవుతుంది.

ఇతరులు ఏమి చేశారు?

పాత మార్కెట్ స్థలాల సమస్య మనకొక్కరికే రాలేదు. మద్రాసులో కొత్వాల్ చావిడి దశాబ్దాల పాటు కూరగాయలకు, పండ్లకు పెద్ద కేంద్రం. వీధులు ఇరుకైనప్పుడు అక్కడి వారు ఊరి అంచున కోయంబేడులో సుమారు 295 ఎకరాల ప్రాంగణంలో మూడు వేలకు పైగా దుకాణాలు కట్టి, 1996లో వ్యాపారాన్ని అక్కడికి మార్చారు. మొదట్లో వ్యాపారులు గొణిగారు. అయినా వెళ్ళడానికి ఒక చోటు ఉంది గనుక వెళ్ళారు. ముందు కట్టడం, తర్వాత తరలించడం అన్నది అక్కడ పాటించిన వరుస.

లండన్‌లో కోవెంట్ గార్డెన్ పండ్ల, కూరగాయల మార్కెట్‌ను 1974లో నది అవతల నైన్ ఎల్మ్స్‌లో సిద్ధం చేసిన కొత్త యార్డుకు మార్చారు. పాత ప్రాంతాన్ని పడగొట్టి పెద్ద రోడ్లు వేయాలన్న ఆలోచనను స్థానికులు గట్టిగా ఎదిరించి మాన్పించారు. పాత కట్టడాన్ని బాగు చేసి 1980లో చిన్న దుకాణాలతో తిరిగి తెరిచారు. పారిస్ వారు 1969లో లే హాల్ మార్కెట్‌ను ఊరి బయట రుంజీస్‌కు మార్చి, 1971లో పాత ఇనుప మండపాలను కూల్చేశారు. ఆ చోట ఏళ్ళ తరబడి పెద్ద గొయ్యి మిగిలింది. 1979లో కట్టిన వ్యాపార సముదాయం ఎవరికీ నచ్చక దాన్నీ మార్చవలసి వచ్చింది. 2016లో గాని అక్కడ కొత్త పైకప్పు నిలవలేదు. అయితే ఒక్క మాట, పారిస్ వారు కూడా రుంజీస్ కట్టిన తర్వాతనే పాతది ఖాళీ చేయించారు. స్థలం విషయంలో తప్పటడుగు వేసినా సరుకు విషయంలో వేయలేదు.

అంత దూరం ఎందుకు, మన మొజంజాహీ మార్కెట్‌నే చూడండి. టోకు వ్యాపారం వెళ్ళిపోయాక కళ తప్పి, గోడలు మాసి ఉన్న ఆ రాతి కట్టడాన్ని బాగు చేసి 2020 ఆగస్టులో తిరిగి ప్రజలకు ఇచ్చారు. దాన్ని కూల్చలేదు గనుక నగరానికి ఒక జ్ఞాపకం మిగిలింది. కొత్తపేట షెడ్లలో కాపాడుకోవలసిన శిల్పకళ ఏమీ లేదు, వాటిని తీసేసినందుకు విచారం లేదు. కాపాడవలసినది అక్కడి జీవనాధారం. దానికే సరైన ఏర్పాటు జరగలేదు.

ఇప్పుడు చేయవలసింది

జరిగినదాన్ని తవ్వి తలపోసుకోవడం మా ఉద్దేశం కాదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. తలా పాపం తిలా పిడికెడు అనుకుని, ఎవరి హయాంలో ఏమి జరిగిందన్న వాదులాట పక్కన పెట్టి, రైతు బాకీ తీర్చే మార్గం చూడాలి.

మొదటిది, కోహెడ. శాశ్వత మార్కెట్ ఏ ఏడాది మామిడి సీజనుకు పూర్తిగా అందుతుందో ప్రభుత్వం తేదీ ప్రకటించి, ఆ తేదీకి కట్టుబడాలి. అట్టహాసమైన ముఖద్వారాలకంటే ముందు గాలివానకు చెక్కుచెదరని షెడ్లు, వేబ్రిడ్జి, మాగబెట్టే గదులు, తాగునీరు, మరుగుదొడ్లు, రాత్రి వచ్చిన రైతు నడుం వాల్చడానికి చోటు ఉండాలి. 2020లో గాయపడినవారి నెత్తురు ఆ నేల మీద చిందింది. ఆ నేల మీద మళ్ళీ రేకుల షెడ్ల ప్రయోగం జరగరాదు.

రెండవది, లెక్క. కొత్తపేట యార్డు రైతు సరుకు మీద వసూలైన ఫీజుతో ముప్పయ్యయిదేళ్ళు నడిచిందని ముందే చెప్పుకున్నాం. ఆ స్థలం ఏ లెక్కన ఆరోగ్య శాఖకు వెళ్ళింది, బదులుగా మార్కెట్ కమిటీ ఖాతాలో ఏమి జమ అయింది, అందులో ఎంత కోహెడ నిర్మాణానికి ఖర్చవుతోంది అన్నది ప్రతి ఏటా మార్కెట్ నోటీసు బోర్డు మీద తెలుగులో రాసిపెట్టాలి. ప్రజల భూమి ఒక శాఖ నుంచి మరొక శాఖకు మారినా ప్రజలదే, కాదనం. అయినా లెక్క లెక్కే.

మూడవది, హమాలీలు. అర్ధరాత్రి పనికి వెళ్ళే వారి కోసం దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల నుంచి ఆర్టీసీ బస్సు వేళలు పెట్టాలి. కోహెడ దగ్గర కార్మికులకు ఇళ్ళ స్థలాలు కేటాయించాలి. కొత్తపేటను నమ్ముకుని బతికిన కుటుంబాల పిల్లలకు, ఆసుపత్రిలో వచ్చే చిన్న ఉద్యోగాల్లో అవకాశం కల్పించడం ధర్మం.

నాలుగవది, తోపుడు బండ్ల వారు. రోగినీ, బాలెంతనూ, గురువునూ, దేవుణ్ణీ చూడబోయేటప్పుడు వట్టి చేతులతో వెళ్ళకూడదని మన పెద్దలు చెబుతారు. ఆసుపత్రి గేటు ముందు పండ్ల బండ్లు ఎలాగూ వెలుస్తాయి. వెలిశాక పోలీసులు తరమడం, వారు మళ్ళీ రావడం అనే దాగుడుమూతల కంటే, ఆవరణ గోడ వెంట వరసగా చిన్న దుకాణాలు ముందే కట్టి, ఆ మార్కెట్‌ను నమ్ముకుని బతికిన చిల్లర వ్యాపారులకు చవక అద్దెకు ఇస్తే ఎంత బాగుంటుంది! పాత మార్కెట్ జ్ఞాపకం శిలాఫలకం మీద కంటే అలా నిలవడమే మేలు. రోగుల వెంట వచ్చే వారికి బస చేసే వసతి, చవక భోజనం కూడా అదే ఆవరణలో ఉండాలి. లేకపోతే కొత్తపేట ఫుట్‌పాత్‌లే వారికి సత్రాలవుతాయి.

ఐదవది, అన్నిటికంటే ముఖ్యమైనది, ముందుచూపు. మొజంజాహీ నుంచి కొత్తపేటకు, కొత్తపేట నుంచి కోహెడకు మార్కెట్ పారిపోతూ ఉంది, నగరం వెంట తరుముతూ ఉంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన ఇప్పటికే ప్లాట్ల రాళ్ళు పాతారు. కోహెడ మార్కెట్ గోడను ఆనుకుని అపార్టుమెంట్లు లేస్తే, మరో పాతికేళ్ళకు అక్కడి కాలనీవాసులు లారీల రొద భరించలేమని ధర్నా చేస్తారు. వారి తప్పు ఉండదు. అప్పుడు మార్కెట్ మరెక్కడికి పోవాలి? సూర్యాపేటకా? మార్కెట్ చుట్టూ గోదాములు, శీతల గిడ్డంగులు, పండ్ల రసం కర్మాగారాలు తప్ప నివాసాలకు అనుమతి ఇవ్వకుండా ఇప్పుడే హద్దు గీయాలి. గీసిన హద్దును రాజకీయ సిఫారసులు చెరపకుండా చూడాలి. ఇది ఖర్చు లేని పని. కావలసినదల్లా గట్టి మనసు.

నగరం పెరుగుతున్న కొద్దీ పాత స్థలాలకు కొత్త అవసరాలు వస్తాయి. నిన్నటి మండీ రేపటి ఆసుపత్రి కావచ్చు, నేటి గోదాము ఎల్లుండి బడి కావచ్చు. ఆ మార్పును ఆపాలనుకోవడం అవివేకం. ఆ మార్పుకయ్యే ఖర్చును ఎవరి దగ్గర వసూలు చేస్తున్నామన్నదే చూడవలసిన సంగతి. కొత్తపేట విషయంలో ఆ ఖర్చును నోరులేని వారి దగ్గర వసూలు చేశాం. రోగులకు మంచం వేసిన ప్రభుత్వం, ఆ మంచానికి చోటిచ్చిన రైతుకు నీడ చూపించే బాధ్యతను కూడా తీర్చుకోవాలి. వచ్చే మామిడి సీజనులోగా కోహెడ పనుల మీద స్పష్టమైన ప్రకటన వెలువడితే, ఈ బాకీలో మొదటి వాయిదా చెల్లినట్లని రైతాంగం భావిస్తుంది.